సౌకర్యములు కలవు, వివరాలకు సంప్రదించండి

యావన్మంది పాఠకులకూ విన్నవించుకునేదేమనగా: నేను బంజారా హిల్స్‌లో ఏళ్ళ తరబడి కాపురముంటున్న గృహస్థుణ్ణి. ఇంటిపన్ను గడువులోగా కడతాను. పక్క ప్లాటులో బండలు పేల్చి మా గోడకు బీట తెప్పిస్తే సిమెంటు పూయించుకున్నాను తప్ప పత్రికలకు ఎక్కలేదు. ఫిల్మ్‌నగర్ వాళ్ళు వచ్చి మా వీధిలో షూటింగ్ పెట్టి, జనరేటర్ వ్యాను సరిగ్గా మా గేటుకు అడ్డంగా నిలిపి, "ఒక్క షాటే అంకుల్" అంటూ తెల్లారేదాకా లాగినప్పుడూ నోరెత్తలేదు. వేసవిలో ట్యాంకరువాడి మాటలు, శనివారం రాత్రి పబ్బువాడి పాటలు, అన్నీ పడ్డాను. ఇంతటి ఓర్పుగలవాడు ఇవాళ కలం పట్టాడంటే కారణం చిన్నది కాదని మీరే గ్రహించాలి. ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం వారి వెబ్‌సైటు నా మధ్యాహ్నపు నిద్రను కబళించింది.

మా వదినగారి అమ్మాయి తెలుగు నవల మీద పరిశోధన చేస్తోంది. ఖమ్మం పిల్ల. పుట్టుకతో చూపు లేదు. హాస్టల్ గది తేలేదాకా మా మేడమీద ఉండమన్నాం. ఆ పిల్లతో నాకు ఏ పేచీ లేదని ముందే మనవి చేస్తున్నాను. మా ఆవిడ పోపులపెట్టెలో ఏ గిన్నెలో ఏముందో నాకంటే తనకే బాగా తెలుసు. బ్యాంకు పని, రైలు టికెట్టు, వైకల్య సర్టిఫికెట్టు పెట్టే తిప్పలు, అన్నీ తనే చూసుకుంటుంది. ల్యాప్‌టాప్ తెరిచి చెవులకు తగిలించుకుందంటే ఆ స్క్రీన్ రీడర్ వాగే వేగం నాబోటి చెవులకు అందదు. తను వింటూనే నోట్సు రాసేస్తుంది. ఎన్‌వీడీఏ అని దాని పేరట. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు 2006లో మొదలుపెట్టి ప్రపంచానికి ఉచితంగా ఇచ్చేశాడు. అలా అన్ని పనులూ తనే చేసుకునే పిల్ల, ఒకే ఒక్క పనికి మెట్ల దగ్గర నిలబడి "బాబాయ్, ఒక్క నిమిషం పైకొస్తారా" అంటుంది. తన గ్రంథాలయం వెబ్‌సైటు చూడాల్సి వచ్చినప్పుడు.

జీతం లేదు, సెలవు లేదు, నియామకపత్రం లేదు. అయినా ఆ విశ్వవిద్యాలయం వెబ్‌సైటుకు ప్రస్తుతం నేత్రాధికారిని నేనే. విశ్వవిద్యాలయం పేరు చెప్పను. చెబితే తప్పంతా దానిదే అన్నట్టవుతుంది, మిగిలినవన్నీ చల్లగా తప్పించుకుంటాయి.

లాగిన్ దగ్గరే మొదటి దర్వాజా. మెలితిప్పిన అక్షరాలు, వాటి మీద అడ్డగీతలు, క్యాప్చా అంటారు. వాటిని చదివి చెప్పడం నా విధి. నాకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. చివరిది చిన్న క్యూనా, తొమ్మిదా అన్నదానిమీద నాకూ మా ఆవిడకూ అభిప్రాయభేదం వచ్చి, అది తేలేలోపు సెషన్ గడువు తీరిపోయింది. పక్కన చిన్న స్పీకర్ బొమ్మ ఉంది. నొక్కితే ఆ అక్షరాలను చదివి వినిపిస్తుందట. అయితే బొమ్మ పెట్టినవాడు దానికి పేరు పెట్టలేదు కాబట్టి స్క్రీన్ రీడర్ దాన్ని "బటన్" అని ఊరుకుంటుంది. కళ్ళులేనివాళ్ళ కోసం పెట్టిన స్పీకరు, కళ్ళున్నవాళ్ళకే దొరుకుతుంది.

లోపలికి వెళ్ళాక ఆ పిల్ల చేసే మొదటి పని, పేజీలో లింకులన్నీ వరసగా చెప్పమని రీడర్‌ను అడగడం. అది చెబుతుంది: "క్లిక్ హియర్. క్లిక్ హియర్. రీడ్ మోర్. క్లిక్ హియర్. గ్రాఫిక్ న్యూ. క్లిక్ హియర్." ఎక్కడ క్లిక్ చేస్తే ఏమొస్తుందో, చుట్టూ రాసింది చూడగలిగినవాడికే తెలుస్తుంది. "న్యూ" అని ఎర్రగా మెరిసే బొమ్మ ఒకటి, కరోనా నాటి సర్క్యులర్ పక్కన ఇప్పటికీ మెరుస్తోంది. పై మూలన అక్షరాలు పెంచే బటన్లు, చేతులు చాచి నిలబడ్డ నీలం మనిషి బొమ్మ. ఇవి తనకు పనికిరావు. నాకు పనికొస్తాయేమోనని నొక్కాను. మెనూ పెద్దదైంది. కింద ఉపకులపతిగారి సందేశం మాత్రం బొమ్మగా అతికించారు కాబట్టి చీమ తలకాయంతే ఉండిపోయింది.

ఇదంతా పైపై తంతు. మేము వెతికేది ఒక్కటే: చూపులేని విద్యార్థికి ఈ గ్రంథాలయం ఏం చేసిపెడుతుంది? పుస్తకం స్కాన్ చేసి ఇస్తుందా? అలమారలోంచి తీసిచ్చే మనిషి ఉన్నాడా? కాస్త ఎక్కువ రోజులు పుస్తకం ఉంచుకోవచ్చా? తన బదులు నేను వెళ్తే పుస్తకం ఇస్తారా? ఈ సమాచారం మొదటి పేజీలో లేదు. "సర్వీసెస్" కింద లేదు. మా బంజారా హిల్స్‌లో రోడ్డు నంబర్లు చూసుకుంటూ బయల్దేరి, పది తర్వాత పదకొండేగా అనుకున్న కొత్తవాడు ఎక్కడ తేలతాడో మేమూ అక్కడే తేలాం. "అబౌట్ అజ్"లోంచి "ఇన్‌ఫ్రాస్ట్రక్చర్"కి, అందులోంచి "ఫెసిలిటీస్"కి, దాని అడుగున "అదర్ ఫెసిలిటీస్"కి. జిరాక్సు మిషనుకూ మంచినీళ్ళ కూలరుకూ మధ్య ఒక్క వాక్యం, ఇంగ్లీషులో. తాత్పర్యం: దివ్యాంగ విద్యార్థులకు ప్రత్యేక సౌకర్యములు కలవు, వివరాలకు గ్రంథాలయాధికారిని సంప్రదించండి.

ఏ సౌకర్యాలు, ఏ అంతస్తు, ఏ వేళల్లో, ఆ అధికారి ఎవరు అంటే ఒక్కదానికీ జవాబు లేదు. ఆ వాక్యం పక్కన మళ్ళీ ఒక "క్లిక్ హియర్". నొక్కితే పీడీఎఫ్ తెరుచుకుంది. రీడర్ "7.1.7" అని ఫైలు పేరు చెప్పి, "గ్రాఫిక్" అని నోరు మూసుకుంది.

"ఏముంది బాబాయ్ అందులో?"

"ర్యాంపు ఉందమ్మా. పదిహేడు డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర."

హాస్యానికి అనలేదు. ర్యాంపు ఫొటో, కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం, ఆనాటి ఉష్ణోగ్రత అచ్చుగుద్ది ఉన్నాయి. ర్యాంపు మీద నలుగురు అధ్యాపకులు వరసగా నిలబడి ఉన్నారు. చక్రాల కుర్చీ లేదు. తర్వాతి పేజీలో లిఫ్టు ఫొటో. ఆ తర్వాత రిబ్బను కత్తిరిస్తున్న ఫొటో, కత్తెర పళ్ళెం పట్టుకున్న అమ్మాయితో సహా.

ఈ 7.1.7 ఏమిటో తెలియక కొన్నాళ్ళు బాధపడ్డాను. రిటైరైన లెక్చరర్ మిత్రుడొకాయన చెప్పాడు. కళాశాలలకూ విశ్వవిద్యాలయాలకూ గ్రేడులిచ్చే న్యాక్ అనే సంస్థ బెంగళూరులో ఉంది, 1994లో పెట్టారు. వారి ప్రశ్నావళిలో 7.1.7 కింద, మీ సంస్థలో దివ్యాంగులకు ర్యాంపులు, లిఫ్టులున్నాయా, అనువైన మరుగుదొడ్లున్నాయా, దారిచూపే గుర్తులున్నాయా, స్క్రీన్ రీడింగ్ సాఫ్ట్‌వేరు, అందరూ వాడగల వెబ్‌సైటు ఉన్నాయా, చదివిపెట్టే మనుషులున్నారా అని అడిగేవారు. ఎన్ని ఉంటే అన్ని మార్కులు. సాక్ష్యంగా అక్షాంశ రేఖాంశాలతో ఫొటోలు జతపరచాల్సి వచ్చేది. దాంతో రాష్ట్రంలో ఏ కాలేజీ వెబ్‌సైటు తెరిచినా ర్యాంపుల ఫొటోలే. అడిగినవాళ్ళ ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ ఈ పేజీని రాసినవాడి మనసులో ఉన్న పాఠకుడు మా అమ్మాయి కాదు, తనిఖీకి వచ్చే పెద్దమనిషి. ఆయనకు కళ్ళున్నాయి, కారు ఎక్కి వస్తాడు, భోంచేసి వెళ్తాడు. సౌకర్యం ఉందని ఆయనకు తెలిస్తే చాలు. వాడుకునేవాళ్ళకు తెలిసిందా లేదా అన్నది ఈ ఫొటోల్లో పడదు. వెబ్‌సైటు కూడా అందరికీ అందేలా ఉండాలన్న షరతుకు రుజువుగా, వెబ్‌సైటు తెరను ఫొటో తీసి పీడీఎఫ్‌లో పెట్టిన ఘనులున్నారు.

సరే, సంప్రదించమన్నారు గదా అని సంప్రదించాం. ల్యాండ్‌లైను మోగి మోగి ఆగిపోయింది. ఈమెయిలు, పెట్టె నిండిపోయిందని వెనక్కి వచ్చింది. మాకైతే ఫోన్ చేసే ఓపికైనా ఉంది. వినపడని పిల్ల ఉంటే, ఫోన్ చేసి వివరాలు తెలుసుకోమనడం ఎటువంటి సౌకర్యమో ఆ వాక్యం రాసినవారే సెలవియ్యాలి. చివరికి నేనే ఆటో పిలిచి అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను, నాలుగు దులిపేద్దామన్న దృఢనిశ్చయంతో.

అక్కడే నాకు దెబ్బ తగిలింది. సౌకర్యాలు నిజంగానే కలవు.

గ్రౌండ్ ఫ్లోర్లోనే, పాత పత్రికల హాలు దాటాక, తాళం వేసిన గది. తీస్తే లోపల మంచి స్కానరు. పుస్తకం పెడితే చదివి వినిపిస్తుంది. అక్షరాలను గోడంత చేసి చూపించే మాగ్నిఫయరు. ఖరీదు పెట్టి కొన్న స్క్రీన్ రీడర్ ఉన్న రెండు కంప్యూటర్లు, పాలిథీన్ కవర్లలో, కొన్ననాటి స్టిక్కర్లతో. పాత టేబుల్ క్లాత్ కప్పుకుని బ్రెయిలీ ప్రింటరు. మిగతా గదంతా స్టాక్ వెరిఫికేషన్ కోసం దాచిన విరిగిన కుర్చీలు. తలుపు పక్కన వాడకందారుల రిజిస్టరు: మొదటి పేజీలో గట్టిగా నాలుగు సంతకాలు, అందులో ఒకటి ప్రారంభోత్సవం నాడు అతిథిగా వచ్చిన ఆయనది.

గది చూసుకునే అసిస్టెంటు నలభై ఏళ్ళ మనిషి, మర్యాదస్తుడు. అమ్మాయికి కుర్చీ తుడిచి వేసి, టేబుల్ అంచు చేతికి తగిలేలా జరిపాడు. ఆ పని ఫొటోలో ఉండదు.

"ఎవ్వరు రారు సార్," అన్నాడు. "మిషిన్లు వచ్చినప్పుడు ఫొటోలు తీసిండ్రు. అటెన్క ఎవ్వరు రాలె."

ఉందని తెలిస్తే గదా వచ్చేది! 2011 జనాభా లెక్కల్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులు 22 లక్షల పైచిలుకు తేలారు. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో ఐదు శాతానికి తగ్గకుండా సీట్లు వాళ్ళకు ఉంచాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ఆ సీట్లలో చేరినవాళ్ళంతా ఇదే ప్రాంగణంలో ఎక్కడో స్నేహితుల చేత చదివించుకుంటున్నారు, ఇక్కడేమో మిషన్లు దుప్పటి కప్పుకుని పడుకున్నాయి.

ఆ అసిస్టెంటు ఇంకా చాలా చెప్పాడు. ముందురోజు పుస్తకాల పేర్లు చెబితే అలమారల్లోంచి తెచ్చిపెడతాడట. అధ్యాయాలు స్కాన్ చేసి మెయిలు చేస్తాడట. మెట్ల అవసరం లేకుండా వెనక గేటు నుంచి దారి ఉందట. అతని సొంత మొబైల్ నంబరుకు వాట్సాప్ మెసేజ్ పెట్టినా చాలునట. విన్నంతసేపూ అమ్మాయి మొహం వెలిగింది, నా మొహం మండింది. "ఇంత చక్కటి మాటలు ఆ వెబ్‌సైట్లో ఒక్కటీ లేవేమయ్యా?" అన్నాను.

"వెబ్‌సైట్ మాది కాదు సార్, కంప్యూటర్ సెంటరోళ్లది."

కంప్యూటర్ సెంటర్‌కు వెళ్ళాం. వాళ్ళది నిర్వహణ మాత్రమేనట, తయారుచేసింది బయటి ఏజెన్సీ. ఆ ఏజెన్సీ కాంట్రాక్టు పోయినేడే ముగిసిందట. గ్రంథాలయం పేజీలు మార్చే పాస్‌వర్డు ఒక తాత్కాలిక ఉద్యోగి దగ్గర ఉండేదట, ఆయన ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడట. మార్పు కావాలంటే రిజిస్ట్రారు కార్యాలయానికి ఫైలు పెట్టుకోవాలి. లక్షలు పోసి బ్రెయిలీ ప్రింటరు తెప్పించగలిగిన సంస్థకు, ఒక ఫోన్ నంబరు టైపు చేయించడం గగనమైపోయింది.

తిరిగొచ్చేటప్పుడు కౌంటర్లో ఇంకో ముచ్చట. అమ్మాయికి కావలసిన విమర్శ గ్రంథం మొత్తం స్కాన్ చేసివ్వమంటే, అక్కడి పెద్దాయన "కాపీరైటు సమస్యండీ" అన్నారు. ఆయన తప్పు కాదు, ఆయనకూ ఎవరూ చెప్పలేదు. మన కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించి, వికలాంగులు చదువుకోవడానికి వీలైన రూపంలోకి పుస్తకాన్ని మార్చి లాభం లేకుండా ఇస్తే ఉల్లంఘన కాదని రాశారు. అదే పని దేశాల మధ్య సాగేందుకు 2013లో మొరాకోలోని మరాకెష్‌లో ఒప్పందం కుదిరింది. దాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం ఏదనుకున్నారు? మనదే. అలా మార్చిన పుస్తకాలను ఒక్కచోట చేర్చేందుకు 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయమూ తెరిచారు. ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశంలో, ఆ సంగతి గ్రంథాలయం కౌంటరు దాకా రాలేదు. వెబ్‌సైట్లో రెండు వాక్యాలు రాసి ఉంటే అమ్మాయి ఫోన్ తీసి ఆ పెద్దాయనకు చదివి వినిపించేది.

ఇక తెలుగు సంగతి. దీన్ని విడిగా ఏడవాలి. పరిశోధన గ్రంథాలన్నీ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండారంలో ఉన్నాయి, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చని గ్రంథాలయం గర్వంగా ప్రకటించింది. వేయిపడగలు నవల మీద ఎవరో చేసిన పరిశోధన తెరిచింది అమ్మాయి. తెరమీద నాకు చక్కటి తెలుగు కనబడుతోంది. రీడర్ మాత్రం "డాలర్, బ్రాకెట్, క్యాపిటల్ ఎస్, పర్సెంట్" అంటూ పూనకం వచ్చినట్టు అరుస్తోంది. కారణం 'అను' అనే రకం ఫాంట్లు. డీటీపీ కేంద్రాల్లో మన పుస్తకాలు చాలావరకు పాత పద్ధతి ఫాంట్లలోనే కొట్టారు. అందులో తెలుగు అక్షరాల ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో అమర్చారు. కంటికి తెలుగు, యంత్రానికి చెత్త. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి పట్టికలోనే చోటుంది. ముప్ఫై ఏళ్ళు దాటినా మన సిద్ధాంత గ్రంథాలు ఇంకా ఆ పట్టికలోకి నడిచి రాలేదు. మరికొన్ని గ్రంథాలు టైపు చేసిన కాగితాల ఫొటోలు, వాటిని రీడర్ అసలు తాకలేదు. పోనీ, ఏ గ్రంథం అక్షరాలుగా ఉంది, ఏది బొమ్మగా ఉంది అని పక్కన ఒక ముక్క రాస్తే వెతుక్కునే శ్రమ తప్పుతుంది. రాయరు. దించుకుని, తెరిచి, పూనకం విని, మూసెయ్యాలి.

మా ఆవిడ ఈ దశలో కల్పించుకుంది. "ఏవండీ, ఊరికే గొణుక్కోకండి. రేపు ఆ పిల్లకి డాక్టరేటు వస్తే మెట్లెక్కినందుకు మీకూ ఒక కండువా కప్పుతార్లెండి." ఆమెకు ప్రజాసమస్యలు పట్టవు.

నాకు ఎక్కువ కష్టం కలిగించేది ఏమిటంటే, ఇదంతా జరుగుతున్నది ఏ ఊళ్ళో అని. మా ఇంటికి కూతవేటు దూరంలో రోడ్ నంబర్ 2లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఆలం ఆరా వంటి తొలి టాకీల్లో వేషాలు కట్టి, 'మనదేశం' సినిమాలో ఎన్టీఆర్‌ను తెరకు పరిచయం చేసి, మిస్సమ్మ తీసిన ప్రసాద్‌గారి కుటుంబం స్థలమూ విరాళమూ ఇస్తే, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో నిలబెట్టిన సంస్థ. చూపు తిరిగి రానివాళ్ళకు బతుకు నేర్పే పునరావాస కేంద్రం కూడా అక్కడే నడుస్తోంది. కాస్త పైకి వెళ్తే జూబ్లీ హిల్స్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం; కాలేజీకి రాలేనివాళ్ళ ఇంటికే చదువు వెళ్ళాలని 1982లో దేశంలోనే మొదట పుట్టినది, జి. రామ్‌రెడ్డిగారు తొలి ఉపకులపతి. ఊరవతల శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. అక్కడి వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదికను ఆధారం చేసుకునే 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో, అందుబాటు ప్రమాణాలంటే సలహాలు కావు, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస నియమాలుండాలని తీర్పు చెప్పింది. వాటిని మూడు నెలల్లో తయారుచెయ్యమంది. మరుసటి ఏడాది ఏప్రిల్ 30న ఇంకో కేసులో, డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని కూడా చెప్పింది. కళ్ళ ఆసుపత్రి, ఇంటికొచ్చే చదువు, న్యాయస్థానాన్ని కదిలించిన నివేదిక, మూడూ మన ఊరివే. పుస్తకం దొరికే దారి చెప్పే నాలుగు వాక్యాలు మాత్రం ఇంకా పుట్టలేదు.

చివరికి సినిమావాళ్ళు కూడా ముందుకు కదిలారు. కదిలించారు అనాలేమో. 2023 జనవరిలో పఠాన్ సినిమాకు ఓటీటీ విడుదల నాటికి దృశ్యాన్ని మాటల్లో చెప్పే ఆడియో వివరణ, వినపడనివాళ్ళకు అక్షరాలు జతచెయ్యమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. 2024 మార్చి 15న కేంద్ర సమాచార ప్రసార శాఖ హాళ్ళలో ఆడే సినిమాలకు ఇలాంటి మార్గదర్శకాలే ఇచ్చింది. అదే ఏడాది, హైదరాబాదు దేవనార్ పాఠశాలలో చదివి, ఇంటర్లో సైన్సు తీసుకోవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చిన మన మచిలీపట్నం వైపు కుర్రాడు శ్రీకాంత్ బొల్లా కథ సినిమాగా వచ్చింది. హిందీలో. తెలుగు సినిమాకు రాజధాని అనిపించుకున్న ఈ గుట్టల మీద కూర్చుని మనవాడి కథ మనం హిందీలో చూశాం. అది వేరే ఫిర్యాదు, మరోసారి రాస్తాను.

అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకుతో ఈ గోడు వెళ్ళబోసుకుంటే, అక్కడా అంతా పూలబాట కాదన్నాడు. బర్క్‌లీ విశ్వవిద్యాలయం ఉచితంగా పెట్టిన పాఠాల వీడియోలకు వినపడనివాళ్ళ కోసం అక్షరాలు లేవని 2016లో న్యాయశాఖ తప్పుపడితే, సరిచేయడం బదులు 2017లో ఇరవై వేలకు పైగా వీడియోలను జనానికి కనబడకుండా తీసేశారట. మా తమ్ముడి కొడుకు దీన్ని ఓదార్పుగా చెప్పాడు. నాకు మాత్రం, ఈ సంగతి మన రిజిస్ట్రార్లకు తెలిస్తే కొంప మునుగుతుందని భయం వేసింది. అయినా అక్కడ ఫిర్యాదు చేస్తే అడిగే నాథుడున్నాడు. ఇక్కడ ఆ 2016 చట్టం మీరినందుకు మొదటిసారి జరిమానా పదివేల రూపాయల దాకా. మా పేటలో నలుగురు కలిసి ఒక సాయంత్రం హోటలుకెళ్తే అంతకంటే ఎక్కువ బిల్లవుతుంది.

కావున గ్రంథాలయాధికారులను సవినయంగా ప్రార్థించేదేమనగా, కొత్త మిషన్లు కొనవద్దు. ప్రారంభోత్సవాలు చెయ్యవద్దు. మొదటి పేజీలోనే, "వికలాంగ విద్యార్థులకు" అని తేటగా కనబడే, వినబడే లింకు ఒకటి పెట్టండి. దాన్ని నొక్కితే గది ఏ అంతస్తులో ఉందో, ఏ గేటు నుంచి మెట్లు లేవో, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా తెరిచి ఉంటుందో అక్షరాల్లో రాయండి, ఫొటోలో కాదు. పుస్తకం స్కాన్ చేసివ్వడానికి ఎన్ని రోజులు పడుతుందో రాయండి. రెండు రోజులైనా, పది రోజులైనా ఫరవాలేదు, తెలిస్తే చాలు. బాధ్యుడైన మనిషి పేరు, ఫోన్ చెయ్యలేనివాళ్ళు మెసేజ్ పెట్టే నంబరు ఇవ్వండి. అన్నీ తెలుగులో కూడా రాయండి, యూనికోడ్‌లో. లేని సౌకర్యం ఉంటే లేదని రాయండి. ఆటో ఖర్చయినా మిగులుతుంది. రాసింది బయటపెట్టేముందు ఆ ప్రాంగణంలో చదువుతున్న చూపులేని విద్యార్థి చేత ఒకసారి వినిపించుకుని చూడండి. ఈ పనంతటికీ అయ్యే ఖర్చు ఆ రిబ్బను కత్తిరించిన నాటి సమోసాలకంటే తక్కువ.

పాఠకులు కూడా తమ పిల్లలు చదివే కాలేజీ గ్రంథాలయం వెబ్‌సైటు ఒకసారి తెరవండి. అందులో ఒక మనిషి పేరు, ఒక నంబరు లేకపోతే ఉత్తరం రాయండి. 2016 చట్టంలో 42వ సెక్షన్ అని ఉటంకిస్తే కొంచెం బరువుగా ఉంటుంది.

మేము రాశాం. పైన చెప్పినవన్నీ మర్యాదగా టైపు చేసి, అమ్మాయి పేరు మీద మెయిలు పంపాం. జవాబు స్క్రీన్ రీడర్ చదివేలా అక్షరాల్లో ఇవ్వండని చివర ప్రత్యేకంగా కోరాం. జవాబు వచ్చింది. లెటర్‌హెడ్ మీద టైపు చేయించి, సంతకం పెట్టి, గుండ్రటి రబ్బరు ముద్ర వేసి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి పంపారు.